బావా, దిబ్బరొట్టెకి తొందర పనికిరాదు

రాజమండ్రి,
డిసెంబరు 18

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం మొన్న అందింది. నేను రెండుసార్లు చదివాక మీ చెల్లెలు కూడా చదివి, "కుశలం ఒక్క ముక్కలో అడిగి మిగతా అంతా తిండి గురించే రాశారు అన్నయ్య" అంది. సంక్రాంతికి మీ అత్తగారినీ మామగారినీ కారులో ఎక్కించుకుని హైదరాబాద్ నుంచి కాకినాడ దాకా వస్తున్నానని రాశావు చూడు, అది చదివి ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. కరీంనగర్ వాళ్లు, ఇన్నేళ్లలో గోదావరి వైపు ఒక్కసారీ రాలేదన్నావు. మా వైపు తిండి ఏమిటో వాళ్లకి సరిగ్గా చూపించే పూచీ నాది. దారి సంగతి తర్వాత రాస్తాను. ముందు నీ వంటింటి సమస్యలు తేలుద్దాం.

దిబ్బరొట్టె పైన మాడుతోంది, లోపల పచ్చిగా ఉంటోంది అన్నావు. కొలత కూడా రాశావు కాబట్టి తప్పు ఎక్కడుందో తెలిసింది. గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ, అది సరైన కొలతే. కానీ పిండి దోసెల పిండిలా జారుగా రుబ్బావు, అక్కడ దెబ్బ తిన్నావు. పప్పు నాలుగు గంటలు నానాక నీళ్లు చిలకరించుకుంటూ గట్టిగా రుబ్బాలి, గారెల పిండికి పిసరంత పల్చగా ఉంటే చాలు. రవ్వ కడిగి, గుప్పిట్లోకి తీసుకుని నీళ్లన్నీ పిండేసి అప్పుడు కలపాలి. గరిటెతో ఎత్తి వదిలితే జారకూడదు, ముద్దలా పడాలి. ఉప్పు, జీలకర్ర వేసి ఒక గంట పక్కన పెట్టు. పులియాల్సిన పని లేదు.

రెండో తప్పు మంట. పల్చటి నాన్‌స్టిక్ పాన్ పెట్టి మంట పెద్దది చేశావు. రెండంగుళాల మందాన పిండి పోసినప్పుడు సెగ మధ్యకి చేరడానికి టైమ్ పడుతుంది బావా. ఆ లోపల అడుగు బొగ్గైపోతుంది. ఒక మందపాటి ఇనప మూకుడు కొను. నాలుగు చెంచాల నూనె వేసి, అది కాగాక పిండి పోసి, మూత పెట్టి, స్టవ్ పూర్తిగా సిమ్‌లో పెట్టేయ్. ఇరవై నిమిషాలు. తర్వాత తిప్పి ఇంకో పది. మధ్యలో మూత తీసి చూడకు, తీసిన ప్రతిసారీ లోపలి ఆవిరి పోతుంది.

మా నాయనమ్మ అయితే తిప్పేది కాదు. కుంపటి మీద మూకుడు పెట్టి, దాని మీద ఇత్తడి పళ్లెం మూసి, ఆ పళ్లెంలో నాలుగు నిప్పులు వేసేది. కింద నుంచీ పై నుంచీ ఒకే సెగ. పక్కన పీట మీద కూర్చుని చెవి అటు వేసి ఉండేది. మొదట అంచుల వెంబడి నూనె చిటచిటమంటూ ఉంటుంది. పిండిలో తడి ఆరే కొద్దీ ఆ చప్పుడు సన్నబడుతుంది. చప్పుడు ఆగిపోయే ముందు మినపప్పు వేగిన కమ్మటి వాసన ఒకటి వస్తుంది. అప్పుడు కొబ్బరి ఈనె ఒకటి మధ్యలో గుచ్చి బయటికి లాగి, వేళ్ల మధ్య తిప్పి చూసేది. తడి తగిలితే మళ్లీ పళ్లెం మూసేది. ఈనె పొడిగా వచ్చిందంటే రొట్టె దిగినట్టే. విరిస్తే పై చెక్కు కరకరలాడేది, లోపల దూదిలా ఉండేది. చెరకు పానకంలో ముంచుకుని తినేవాళ్లం. నువ్వు కూడా ఆ ఈనె పరీక్షే చెయ్యి, గడియారం కంటే నమ్మకం.

ఇక పనసపొట్టు కూర చేదెక్కింది అన్నావు. పొయ్యి మీద కూర కుతకుతలాడుతుండగానే ఆవ కలిపి ఉంటావు. ఆవపిండి ముద్ద వేడి తగిలితే ఘాటు పోతుంది, చేదు మిగులుతుంది. పొట్టుని పసుపు, ఉప్పు వేసి ఉడికించి, చల్లారాక పిండేసెయ్. మూకుడులో శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, జీడిపప్పు, కరివేపాకు వేసి దండిగా పోపు పెట్టు. అందులో పొట్టు వేసి, చిక్కటి చింతపండు గుజ్జు కలిపి, తడి పోయేదాకా మగ్గనిచ్చి దించేయ్. వేలు పెడితే గోరువెచ్చగా అనిపించాలి, ఆవ అప్పుడు కలపాలి. నానబెట్టిన ఆవాలు, ఎండుమిర్చి, ఉప్పు కలిపి రుబ్బేటప్పుడు కూడా మిక్సీ వేడెక్కకుండా ఆపి ఆపి తిప్పు. ముద్ద కలిపాక ఒక చెంచా పచ్చి నూనె పైన వేసి మూత పెట్టేయ్. పొద్దున చేసి మధ్యాహ్నం తిను. ఆవ ఊరిన కూర రుచే వేరు, మా ఇంట్లో పెళ్లిళ్లకి ఈ కూర ముందే చేసి పక్కన పెట్టేవాళ్లు.

మా చెల్లెమ్మ, అదే మీ ఆవిడ, అడిగింది గారెలు నూనె ఎందుకు పీలుస్తున్నాయని. పిండిలో నీళ్లు ఎక్కువైనా, నూనె సరిగ్గా కాగకపోయినా పీలుస్తాయి. రుబ్బిన పిండి చుక్క నీళ్లల్లో వేస్తే తేలాలి, అంతే. కనుమ నాడు మినుము తినాలంటారు కదా, ఆ రోజు కాకినాడలో గారెలూ కోడికూరా మీ ఇంట్లో ఎలాగూ ఉంటాయి. నాటుకోడిని కుక్కర్‌లో పెట్టి ముక్క చెదరగొట్టకు, అంతే చెప్తాను.

ఇప్పుడు దారి. పండగ ముందు పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్లు ఎలా బారులు తీరతాయో నీకు తెలుసు. తెల్లవారుజామున మూడింటికల్లా బయల్దేరు. విజయవాడలో టిఫిన్ వేళకి దిగితే నేరుగా గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్‌కి వెళ్లు. అక్కడ మెనూ వెతకొద్దు, ఇడ్లీ తెప్పించు. వేడి ఇడ్లీ మీద వెన్న ముద్ద వేసి, కారప్పొడి ఇస్తారు. వెన్న కరిగి ఇడ్లీలోకి ఇంకే లోపల తినేయాలి. మామగారికి కారం పడదన్నావు కాబట్టి ఆయనకి ఆ వెన్న ఇడ్లీ హాయిగా ఉంటుంది. గుంటూరు కూడా వెళ్దామా అని అడిగావు. శంకర్ విలాస్ అంటే నాకూ ఇష్టమే, ఆ సెంటర్‌కే దాని పేరు పడిపోయింది. కానీ అటు తిరిగితే ఆ రోజు నా దగ్గరికి చేరేసరికి బాగా ఆలస్యమవుతుంది. వేరే ప్రయాణంలో పెట్టుకో. బందరు లడ్డూ కూడా అంతే. 2017లో దానికి జీఐ, అంటే ఫలానా ఊరి సరుకు అనే భౌగోళిక గుర్తింపు, వచ్చిందని మామగారు పేపర్లో చదివారన్నావు, నిజమే. తొక్కుడు లడ్డూ అనేది ఊరికే అనరు, శనగపిండి పూసని వేయించి రోట్లో తొక్కి, జల్లించి, బెల్లం పాకంతో చేస్తారు. దాని కోసం మచిలీపట్నం దాకా వెళ్లక్కర్లేదు, విజయవాడ మిఠాయి కొట్లలో దొరుకుతుంది. ఒక కిలో కారులో పడేయ్.

దారిలో ఎక్కడా ఉలవచారు మాత్రం ఊరికే అడగొద్దు. నెల కిందట హైవే మీద ఒక హోటల్లో ఉలవచారు అని చిక్కటి చింతపండు పులుసులో పిండి కలిపి పోశారు. ఆ రోజు నాకు చాలా బాధేసింది, పక్కన మా పిల్లలు మొదటిసారి తింటున్నారు మరి. అసలుది ఎలా వస్తుందో నీకు తెలుసుగా. ఎడ్లకి పెట్టడానికి ఉలవలు గంటల కొద్దీ ఉడికించేవాళ్లు. ఆ గింజలు ఎడ్లకి, అవి ఉడికిన నీళ్ల కట్టు మనకి. దాన్ని చింతపండు వేసి, చెంచాకి పట్టుకునేంత చిక్కబడే దాకా మరిగించాలి. అన్నంలో పోసుకుని మీద వెన్నో మీగడో వేసుకుంటే ఇంకేం కావాలి! నువ్వు వచ్చే రోజుకి మీ చెల్లెలు కాచి పెడతానంది. కాబట్టి మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే, దాని మీద మాట్లాడేది లేదు.

పులస గురించి అత్తగారు అడిగారని రాశావు. జనవరిలో పులస ఉండదని ఆవిడకి నెమ్మదిగా చెప్పు. జూలై నుంచి సెప్టెంబర్ దాకా, గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు ఆ చేప సముద్రం నుంచి ఏటికి ఎదురీది గుడ్లు పెట్టడానికి వస్తుంది. సముద్రంలో ఉన్నంతకాలం అది ఇలస. గోదారి నీళ్లు తాగితేనే పులస. పండగల్లో ఎవరైనా పులస పులుసు ఉందంటే నమ్మి వేలు పోయొద్దు. వరదల టైమ్‌లో ఆవిడని మళ్లీ తీసుకురా, మట్టి దాకలో బెండకాయలు వేసి పులుసు పెట్టిస్తాను. పొద్దున పెట్టినది రాత్రికి తినాలి, అదీ ఆవ కూర లాంటిదే.

సాయంత్రం అందరం మెయిన్ రోడ్డుకి నడిచి వెళ్లి రోజ్ మిల్క్ తాగుదాం. రాజమండ్రి వచ్చి అది తాగకుండా వెళ్లినవాళ్లు తక్కువ. రాత్రి మళ్లీ భారీగా తినకండి, ఎందుకంటే మర్నాడు పొద్దున్నే అసలు పని ఉంది.

అసలు పని అంటే అంబాజీపేట పొట్టిక్కలు. బావా, ఈ యాత్ర మొత్తంలో ఒక్కటే తినగలిగితే నేను అదే తినమంటాను. నాలుగు పనసాకులు తీసుకుని, పుల్లలతో కుట్టి బుట్టలా చేస్తారు. అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. చేతికి బుట్టతోనే ఇస్తారు. పుల్ల లాగి, ఆకు ఒక్కొక్కటే వెనక్కి వలిస్తే లోపల తెల్లటి పొట్టిక్క మీద పనసాకు ఈనెలన్నీ అచ్చు గుద్దినట్టు కనిపిస్తాయి. ఆకుకి అంటుకున్న చోట లేత ఆకుపచ్చ జీర. ముక్కు దగ్గర పెట్టుకుంటే పచ్చి ఆకు ఉడికిన వాసన వస్తుంది, ఆ వాసన ఏ స్టీలు ప్లేటు ఇడ్లీకీ రాదు. ఇక చట్నీ అంటావా, అంబాజీపేట అంటేనే కొబ్బరి మార్కెట్. ఊరంతా కొబ్బరే అయినప్పుడు చట్నీలో పుట్నాలపప్పు కలిపి పెంచే అవసరం ఎవరికుంది? తొమ్మిది దాటితే ఖాళీ అయిపోతాయేమోనని నాకు టెన్షన్. అందుకే ఇక్కడి నుంచి ఆరింటికల్లా కదలాలి.

వెళ్లే దారిలోనే రావులపాలెం. అక్కడి నుంచి పక్కకి తిరిగితే ఆత్రేయపురం దగ్గరే, కానీ పొద్దున ఆగకండి, ముందు పొట్టిక్కలు. పూతరేకులు తిరుగు ప్రయాణంలో తీసుకోండి. కొనడం కంటే చూడడం ముఖ్యం, అత్తగారిని కొట్లో కాకుండా రేకులు తీసే ఇంటికి తీసుకెళ్లు. బోర్లించిన కుండ కింద మంట ఉంటుంది. పల్చటి బియ్యప్పిండి నీళ్లల్లో బట్ట ముంచి, కుండ వీపు మీద ఒక్క లాగు లాగుతారు. బట్ట అటు వెళ్లిందో లేదో ఇటు రేకు లేచిపోతుంది, కాయితం కంటే పల్చన. దాని మధ్య నెయ్యి, పంచదార పొడి వేసి మడుస్తారు. 2023లో దీనికీ జీఐ వచ్చింది. బెల్లం పూతరేకులే తీసుకోమని నా మాట. పంచదార తీపి నాలుక మీదే అయిపోతుంది, బెల్లం కాసేపు నిలుస్తుంది.

అంబాజీపేట నుంచి అమలాపురం, ముమ్మిడివరం మీదుగా యానాం వంతెన దాటి కాకినాడ వెళ్లండి. కొబ్బరి తోటల మధ్యే రోడ్డు, పెద్దవాళ్లకి కళ్లు నిండుతాయి. భోజనం వేళకి సుబ్బయ్య గారి హోటల్. విస్తరి వేశాక వాళ్లు వడ్డిస్తూనే ఉంటారు, నువ్వు వద్దనేదాకా ఆగరు. అత్తగారికి నడవడం కష్టమైతే బుట్ట భోజనం కట్టించుకుని ఇంటికే పట్టుకెళ్లు, అన్నం నుంచి స్వీటు దాకా అన్నీ ఆ బుట్టలో ఉంటాయి. గొట్టం కాజా కాకినాడలోనే తిని చూడు, కొరకగానే పాకం చిందుతుంది, చొక్కా జాగ్రత్త. మడత కాజా కావాలంటే అది తాపేశ్వరానిది. మండపేట పక్కనే, కాకినాడ నుంచి మళ్లీ మా ఊరు వచ్చే దారిలో పెట్టుకో.

ఇక నా వైపు నుంచి ఒక్క కోరిక. మీ అత్తగారు చేసే సర్వపిండి నాకు నేర్పించాలి. ఆమధ్య నువ్వు పంపినవి ఎంత పల్చగా, ఎంత కరకరలాడుతూ ఉన్నాయో! నేను మూడుసార్లు చేశాను. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఉల్లికాడలు వేశాను, గిన్నెకి అద్ది వేలితో బొక్కలు పెట్టి అందులో నూనె కూడా పోశాను. అంచులు బాగానే వస్తున్నాయి, మధ్యలో మాత్రం మెత్తగా ఉండిపోతోంది. పిండి వేడినీళ్లతో కలపాలా, చన్నీళ్లతోనా? గిన్నె పొయ్యి మీద పెట్టి అద్దాలా, చల్లటి గిన్నెకే అద్దాలా? ఆవిడని అడిగి రాయి. లేదా ఇంకా మంచిది, ఆవిడ పిండి అద్దే ఆ సర్వ గిన్నె ఒకటి కారులో వేసుకురమ్మను. పిండి, పప్పు అన్నీ ఇక్కడ సిద్ధంగా ఉంచుతాను. ఆవిడ వంటింట్లో నిలబడి చేస్తుంటే నేను పక్కన నిలబడి చూస్తాను.

ఏ రోజు బయల్దేరుతున్నారో వెంటనే రాయి. ముందు రోజు రాత్రి ఉలవలు నానబోయాలి, మర్నాడు మధ్యాహ్నం మినప్పప్పు. మీరు రోజ్ మిల్క్ తాగి వచ్చేసరికి దిబ్బరొట్టె పొయ్యి మీద ఉంటుంది. ఈనె గుచ్చి చూసే పని నీదే.

చెల్లెమ్మకి ఆశీస్సులు, అత్తగారికీ మామగారికీ నమస్కారాలు.

నీ
బావ