చుక్కలు పెడుతున్న మా చిట్టితల్లికి

చిట్టితల్లీ,

మొన్న రాత్రి ఫోన్లో ఏడుపు గొంతుతో "నెల రోజుల్నుంచి చుక్కలే పెట్టిస్తున్నారు నాన్నా, ఒక్క మాట కూడా రాయనివ్వట్లేదు" అన్నావు కదా, అప్పుడు సిగ్నల్ పోయి ఏం చెప్పలేకపోయా, అందుకే కూర్చుని రాస్తున్నా. మీ అమ్మేమో "డిజైన్ కోర్సులో చేరి ఈ పర్షియన్ రాతలేంటి దీనికి" అని గొణుగుతోంది, పట్టించుకోకు.

మీ టీచరు చేస్తున్నది కరెక్టే. నస్తాలీఖ్ లో, అదే నువ్వు నేర్చుకుంటున్న పర్షియన్ రాతలో, ఆ చుక్కే కొలత. కలం మొనని కాగితానికి ఆనించి కొంచెం లాగితే పడే డైమండ్ చుక్క ఉంది చూడు, మొదటి అక్షరం అలిఫ్ అంటే అలాంటివి మూడు చుక్కల ఎత్తు, మిగతా అక్షరాల వంపులూ సాగతీతలూ అన్నీ దానితోనే లెక్క. కలం లావైతే చుక్క లావు, దాంతో పాటే అక్షరమంతా పెరుగుతుంది. చుక్క వంకరైతే ఇంక పైన ఏం కట్టినా వంకరే.

నాన్నకి ఇవన్నీ ఎలా తెలుసు అనుకుంటున్నావా? ఛత్తా బజార్లో డీటీపీ షాపు పెట్టిన కొత్తలో పక్కనే ఒక కాతిబ్ సాబ్ ఉండేవారు, కాతిబ్ అంటే చేత్తో అందంగా రాసిపెట్టేవాడు, పెళ్లికార్డులకి ఉర్దూ రాసేవారు. నేల మీద కూర్చుని ఒక మోకాలు పైకి లేపి దానిమీద అట్ట పెట్టుకుని రాసేవారు. రెల్లు కలం చెక్కాక మొనని ఏటవాలుగా టక్కుమని ఒకే దెబ్బకి కోసేవారు, ఆ చప్పుడు వినే కోత బాగా వచ్చిందో లేదో చెప్పేసేవారు. టీ తాగుతూ ఇరాన్ కబుర్లు బోలెడు చెప్పేవారు. మంచి రెల్లు అక్కడి దేజ్‌ఫుల్ అనే ఊళ్ళో దొరుకుతుందట, సిరాబుడ్డిలో పట్టు పీచు వేస్తారట, కలం ముంచితే సిరా ఎక్కువ అంటకుండా.

సిరా లెక్క మాత్రం నాకింకా నోటికొచ్చు, ఈ రాత రాసేవాళ్ళు దాన్ని పద్యంలాగా బట్టీ పడతారు. దీపం మసి ఎంతో అన్నభేది (ఇనుప లవణం) అంత, ఆ రెండూ కలిపి ఎంతో మాచికాయ అంత, మూడూ కలిపి ఎంతో బంక అంత, ఆపైన భుజబలం! అంటే గంటలకొద్దీ నూరుతూనే ఉండాలన్నమాట. కాగితం సంగతీ అంతే, గంజి పట్టించి ఆరబెట్టి అకీక్ రాయితో రుద్ది రుద్ది నున్నగా చేస్తే గానీ కలం జారదు. లైన్లు కూడా పెన్సిల్ తో గీయరు, దారాలు బిగించిన అట్ట మీద కాగితం పెట్టి నొక్కుతారు, గీతలు కంటికి కనపడీ కనపడకుండా పడతాయి. ఇంత చేశాక అప్పుడు రాయడం మొదలు.

ఈ రాత మొదలుపెట్టింది తబ్రీజ్ కి చెందిన మీర్ అలీ అని, ఆయనకి కలలో ఎగిరే బాతులు కనిపించాయని కథ. కథ సంగతి ఏమో గానీ ఆయన 1396లో బాగ్దాద్ లో రాసిన పుస్తకం లండన్ లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. తర్వాత అందరికంటే పెద్ద పేరు మీర్ ఇమాద్ ది, ఇరాన్ రాజు షా అబ్బాస్ కాలంలో ఇస్ఫహాన్ లో ఉండేవాడు, దర్బారులో పోటీలూ పగలూ ముదిరి చివరికి 1615లో చంపేశారు. ఆయన మేనల్లుడు అబ్దుర్ రషీద్ ఇండియాకి వచ్చేసి షాజహాన్ దగ్గర కొలువు చేశాడు, షాజహాన్ కొడుకు దారా షికోకి రాత నేర్పింది ఈయనే.

అసలు నీకు చెప్పాలనుకున్నది సియా మష్క్ గురించి. చెయ్యి తిరగడానికి ఒకే అక్షరాన్ని, ఒకే మాట ముక్కని మళ్ళీ మళ్ళీ రాస్తారు, చోటు అయిపోతే కాగితం తిప్పి తలకిందులుగా దానిమీదే రాస్తారు, పేజీ మొత్తం నల్లబడిపోయేదాకా. ఉత్త ప్రాక్టీసు కాగితమే కదా, కానీ వాటినే జనం దాచుకుని బంగారు అంచులు కట్టి ఆల్బమ్ లలో పెట్టుకున్నారు. ఇరాన్ ని ఖజార్ రాజులు ఏలిన కాలంలో మీర్జా గులాం రెజా ఇస్ఫహానీకి వాటితోనే పేరొచ్చింది.

కాతిబ్ సాబ్ దగ్గర కూడా అలాంటి నల్ల కాగితాలు ఒక కట్ట ఉండేది. కంప్యూటర్లో ఉర్దూ వచ్చాక మేమూ టైపింగ్ కి ఒక కుర్రాణ్ణి పెట్టాం, ఆయనకి పని తగ్గిపోయింది, ఒకరోజు ఆ కట్ట మా షాపులో పెట్టి ఊరెళ్ళారు, మళ్ళీ రాలేదు. షాపు మారేటప్పుడు నేను చూడకుండా పాత పేపర్లతో పాటు కిలోల లెక్కన అమ్మేశాను. పైన ఉన్న ఒక్క కాగితం మాత్రం ఇప్పటికీ గుర్తుంది, మూల కొంచెం టీ మరక.

నీ చుక్కల కాగితాలు పారెయ్యకు. దసరాకి వచ్చేటప్పుడు అన్నీ తీసుకురా, మడత పెట్టకు, గొట్టంలా చుట్టి తే.

మీ నాన్న