లాంగ్ రైడ్ లగేజీ సంగతి

హాయ్ అందరికీ, బైక్‌కి పక్కల తగిలించే సాఫ్ట్ బ్యాగులు కొనాలా, మెటల్ బాక్సులు పెట్టించాలా అని రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారు కదా, అందుకే ఒకేచోట రాస్తున్నా. తారు రోడ్డే ఎక్కువైతే బాక్సులు బానే ఉంటాయి, తాళం వేసుకోవచ్చు, వాన భయం తక్కువ. మట్టి దారులైతే మాత్రం నా ఓటు సాఫ్ట్ బ్యాగులకే, తేలిక, పైగా బండి పక్కకి ఒరిగితే కాలు గట్టి బాక్సు కింద ఇరుక్కునే ప్రమాదం తక్కువ. కాకపోతే బ్యాగు సైలెన్సర్‌కి తగులుతుందేమో చూసుకోండి, అదీ బండి ఖాళీగా ఉన్నప్పుడు కాదు, మనిషి కూర్చుని సస్పెన్షన్ కిందకి దిగాక.

అసలు గొడవంతా బరువుతోనే. టూల్స్, స్పేర్ ట్యూబ్ లాంటివి కిందకి, బండి మధ్యకి దగ్గరగా పెట్టాలి, టాప్ బాక్సులో (సీటు వెనక పైన బిగించేది) కుక్కితే అది వెనక ఇరుసు దాటి ఉంటుంది కాబట్టి ముందు చక్రం తేలికైపోయి స్పీడ్‌లో హ్యాండిల్ ఊగడం మొదలెడుతుంది, అందులో బట్టలు చాలు. కుడి ఎడమ బరువు ఇంచుమించు సమానం ఉండాలి. మాన్యువల్‌లో ఇచ్చిన మాక్సిమమ్ లోడ్‌లో మనమూ, బాక్సుల సొంత బరువూ కలిపే లెక్క (ఇది చాలామంది మర్చిపోతారు), దాన్ని బట్టే టైర్ ప్రెషర్, వెనక ప్రీలోడ్ (సస్పెన్షన్ స్ప్రింగ్‌కి ముందే ఇచ్చే బిగింపు) పెంచుకోండి.

రెయిన్‌కోట్ అన్నిటికన్నా పైన ఉండాలి. స్ట్రాప్ కొసలు వేలాడితే చైన్‌లో చిక్కుకుంటాయి, మడిచి కట్టేయండి, బయల్దేరిన 20 కిలోమీటర్లకి ఓసారి ఆగి మళ్లీ బిగించండి.