గూడబాతులను లెక్కపెడితే చాలదు

సంపాదకుడికి,

ఏటా జనవరిలో నీటిపక్షుల గణన జరుగుతుంది. కొల్లేటి ఒడ్డున పక్షుల కేంద్రమైన ఆటపాకకు గూడబాతులు ఎన్ని వచ్చాయో, ఎర్రకాళ్ల కొంగలు పెరిగాయో తగ్గాయో పత్రికల్లో చదువుతాం. సంఖ్య పెరిగితే కొల్లేరు బాగున్నట్టే అనుకుంటాం. చలిలో తెల్లవారుజామునే దుర్భిణి పట్టుకుని తిరిగే కుర్రాళ్లంటే నాకు గౌరవమే. కానీ ఆ పక్షి ఒంట్లో పాదరసం ఎంత, సీసం ఎంత అన్నది ఆ లెక్కలో ఉండదు.

కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. అభయారణ్యానికి హద్దుగా పెట్టిన ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) మీద కొట్లాట ఇప్పటికీ తెగలేదు. మురుగుకు ఆ కాంటూరుతో పనేముంది? మా బుడమేరు వాగు పోయేది కొల్లేటికే. 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్‌ను ముంచిన వరద షెడ్లనూ గ్యారేజీలనూ కడుక్కుంటూ అటే పోయింది.

మా పేటలో పాత సామాన్ల కొట్టు ఒకటుంది. అక్కడ లారీ బ్యాటరీని సుత్తితో పగలగొట్టి, యాసిడ్‌ను పక్క కాలువలోకి వంచేసి, సీసం పలకలను గోనెసంచిలో వేసుకుంటారు. రాలిన నల్లటి పొడి గట్టునే పేరుకుంటుంది. వాన పడితే అదీ కాలువ పాలే. పాత బ్యాటరీలను అనుమతి ఉన్నవారికే అప్పగించాలని 2022లో నిబంధనలు వచ్చాయి. ఆ సంగతి సుత్తి పట్టిన కుర్రాడికి ఎవరు చెప్పారు?

లోహం కుళ్లదు, ఆవిరైపోదు. కొల్లేటి అడుగు మట్టిలోనూ చేపల్లోనూ సీసం లాంటి భారలోహాలున్నాయని 2004 నాటికే పరిశోధకులు ప్రచురించారు. పాదరసం సంగతి మరీ దారుణం. బురదలోని సూక్ష్మజీవులు దాన్ని మరింత విషపూరితమైన మిథైల్ పాదరసంగా మారుస్తాయి. నాచు నుంచి పురుగుకు, పురుగు నుంచి చేపకు, చేప నుంచి దాన్ని తినే పక్షికి చేరేకొద్దీ దాని మోతాదు పెరుగుతూ పోతుంది. జపాన్‌లోని మినమాటాలో ఈ పాదరసం వల్ల మనుషులకొచ్చిన జబ్బు 1956లో బయటపడింది. అంతకుముందే అక్కడి పిల్లులు చేపలు తిని మూర్ఛలతో చచ్చాయి. మన కృష్ణా అభయారణ్యంలోని మడ అడవుల్లో బతికే బావురుపిల్లి అనే అడవి పిల్లికీ ప్రధాన ఆహారం చేపలే.

పరీక్షకు ఒక్క పక్షినీ పట్టనక్కర్లేదు. ఈక పెరిగేటప్పుడు ఒంట్లోని పాదరసం అందులోకి చేరి అక్కడే ఉండిపోతుంది. గూళ్ల కింద రాలిన ఈకలను ఏరి, పైన అంటిన మట్టిని శుభ్రంగా కడిగి, ప్రయోగశాలకు పంపితే చాలు. పొదగకుండా పాడైన గుడ్లు, చనిపోయిన పక్షుల కాలేయం, మూత్రపిండాలు కూడా పనికొస్తాయి. కాడ్మియం అనే మరో విషలోహం ముఖ్యంగా పేరుకునేది మూత్రపిండాల్లోనే. అటవీశాఖే పూనుకుంటే అనుమతుల చిక్కూ ఉండదు. మడ అడవుల్లో దొరికే బావురుపిల్లి పెంటనూ ఇలాగే చూడవచ్చు.

గణనతోపాటే ఏటా ఈ పరీక్ష కూడా జరగాలి. ఫలితాలను తెలుగులో ఆటపాక పడవ టికెట్ల కిటికీ దగ్గరే అంటించాలి. లోహం ఎక్కువగా కనిపించిన ఏడాది కాలుష్య నియంత్రణ మండలి కొల్లేటిలో కలిసే బుడమేరు, తమ్మిలేరు వెంట ఎగువకు నడిచి, ఏ కాలువ నుంచి వస్తోందో తేల్చాలి. కొల్లేటి చేప బెజవాడ బజారుకూ వస్తుంది కాబట్టి, ఈకలతోపాటు నాలుగు చేపలనూ అదే సంచిలో పంపితే అదనంగా అయ్యే ఖర్చు పెద్దగా ఉండదు.

— ఒక పాఠకుడు, సింగ్‌నగర్, విజయవాడ