పిల్లల గాంధారాన్ని కీబోర్డుకు వదిలేయొద్దు

సంపాదకులకు నమస్కారం.

పిల్లల కర్ణాటక సంగీత పోటీల్లో తంబూర కనబడడం మానేసింది. శ్రుతి కీబోర్డే, పక్కవాద్యమూ కీబోర్డే. ఈమధ్య ఒక పోటీలో మోహన రాగం పాడిన నా శిష్యురాలికి న్యాయనిర్ణేతలు ‘గాంధారం తగ్గింది’ అని, అంటే సరిగమల్లోని ‘గ’ ఉండాల్సినదానికంటే కిందికి పలికిందని, రాసిచ్చారు. తంబూర లెక్కన చూస్తే అమ్మాయి సరిగ్గానే పాడింది. ఎక్కువ పలికింది కీబోర్డు.

షడ్జమ పంచమాల (స, ప) దగ్గర పెద్ద ఇబ్బంది లేదు. కింది ‘స’ నుంచి పై ‘స’ దాకా ఉండే ఒక స్థాయిని 1200 సెంట్లు అనే చిన్న భాగాలుగా అనుకుంటే కీబోర్డు పంచమం అసలు పంచమానికి రెండు సెంట్లే తక్కువ. చిక్కంతా గాంధారంతోనే. ఐదు శ్రుతిలో పాడే అమ్మాయి షడ్జమం సెకనుకు 196 కంపనాలు. తంబూర మంద్ర తీగను మీటి చెవి ఒగ్గి వినండి, ఎవరూ వాయించకుండానే మోహనంలో వచ్చే అంతర గాంధారం అందులోంచి పలుకుతుంది. దాని ప్రకారం పాప పాడాల్సింది 245. కీబోర్డు పలికేది దాదాపు 247, అంటే 14 సెంట్లు ఎక్కువ. రెండూ కలిపి నిలిపితే నాదం అలలు అలలుగా ఊగడం సంగీతం రానివాళ్లకైనా తెలుస్తుంది.

కీబోర్డును తప్పుపట్టడం లేదు. పంచమం మీద పంచమం చొప్పున పన్నెండుసార్లు వెళ్తే ఏడు స్థాయిలు దాటి ఇంకో 23 సెంట్లకు పైగా మిగులుతుంది. పాట మధ్యలో ఆధార స్వరాన్నే మార్చుకునే పాశ్చాత్య సంగీతానికి ఏ మెట్టు నుంచైనా ఒకేలా వినిపించాలి కనుక ఆ తేడాను పన్నెండింటికీ సమానంగా సర్దారు. షడ్జమం కదలని మనకు ఆ సర్దుబాటుతో పనేముంది? వీణకు మేళం కట్టేవారు, అంటే మెట్లు అమర్చేవారు, మైనంలో ఒక్కో మెట్టునూ చెవితో వింటూ వెంట్రుకవాసి జరుపుతారు. ఇక తోడి రాగంలో గాంధారం, వరాళి రాగంలో మధ్యమం సంగతంటారా, అవి ఏ కీ నొక్కినా పలకవు.

కీబోర్డులాగే స్థిరంగా బిగించిన స్వరాలు పలికే హార్మోనియాన్ని ఆకాశవాణి 1940లో నిషేధించి, మూడు దశాబ్దాల దాకా సడలించలేదు. అలాంటిది నేను కోరను. పద్యనాటకానికి హార్మోనియం చేసిన సేవ చిన్నది కాదు. పోటీల నిర్వాహకులు వేదిక మీద తంబూర పెట్టించాలి, లేదంటే ఫోన్లో తంబూర యాప్ అయినా చాలు. కీబోర్డు తప్పదనుకుంటే, చాలా మోడళ్లలో ఒక్కో స్వరాన్ని విడిగా సరిచేసుకునే స్కేల్ ట్యూనింగ్ ఉంటుంది. పోటీ మొదలయ్యేలోపు అంతర గాంధారాన్ని 14 సెంట్లు దించి పెట్టండి.

– ఒక వీణ టీచర్, రాజమహేంద్రవరం