నట్టు బిగించే పని గురించీ రాయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

భారతీయ అంతరిక్ష కేంద్రం గురించి వార్త వచ్చినప్పుడల్లా మన పేపర్లో రాకెట్ ఫొటో, తేదీలు ఉంటాయి. మొదటి భాగం 2028లో, మొత్తం ఐదు భాగాలూ 2035 నాటికి అంటారు. ఆ ఐదింటినీ పైన కలిపి, కేబుళ్లు తగిలించే మనుషులు ఎలా తయారవుతారో మాత్రం ఎక్కడా కనబడదు. కరెంటు టవర్ లైన్లలో ఫిట్టర్‌గా చేరి ఫోర్‌మన్‌గా రిటైరైనవాణ్ణి. నాకు కావాల్సింది ఆ సంగతే.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మొదటి రెండు భాగాలు జార్యా, యూనిటీ. 1998 డిసెంబరులో అమెరికా వ్యోమగాములు జెర్రీ రాస్, జేమ్స్ న్యూమన్ మూడుసార్లు నౌక బయటికొచ్చి వాటి మధ్య కేబుళ్లు కలిపారు. ఇలాంటి పనికి అమెరికాలోని హ్యూస్టన్‌లో 40 అడుగుల లోతు కొలనులో కేంద్రం నమూనాను ముంచి, వ్యోమగాములకు సూట్ తొడిగి లోపలికి దింపుతారు. పైన ఒక గంట పనికి నీళ్లలో దాదాపు ఏడు గంటల సాధన. గాలి బిగిసిన గ్లౌజు వేళ్లు మడిచిన ప్రతిసారీ ఎదురు తిరుగుతుంది. కొందరికి గోళ్లు ఊడాయి కూడా. పాదాలకు పట్టు లేకుండా బోల్టు తిప్పితే మనిషే తిరిగిపోతాడు. నీళ్లలో తోసిన వస్తువు కాసేపటికి ఆగుతుంది, అంతరిక్షంలో ఆగదు. ఆ తేడా కూడా ఒంటికి పట్టాలి.

టవరెక్కితే మేం పానాను నడుముకి తాడుతో కట్టుకునేవాళ్లం, జారితే కిందవాడి తల పగులుతుంది. అంతరిక్షంలోనూ ప్రతి పనిముట్టుకీ కట్టు ఉంటుంది. అయినా 2008లో ఒకసారి, 2023లో మరోసారి పనిముట్ల సంచి చేజారిపోయింది.

మా పర్లాకిమిడిలో చాలామంది పిల్లలు బళ్లో ఒడియా చదువుతారు. తెలుగు చదివేది ఇంటికొచ్చే పేపర్లోనే. ఐటీఐలో ఫిట్టర్ చేస్తున్న మా వీధి కుర్రాడొకడు "తాతా, అంతరిక్షానికీ మా ట్రేడుకీ ఏమైనా సంబంధం ఉందా?" అని అడిగాడు. ఉందని చెప్పాను. కానీ నా మాట కన్నా అచ్చులో చూస్తే వాడికి నమ్మకం కుదురుతుంది.

కాబట్టి వారానికి అర పేజీ ఇవ్వండి. 2020లో రష్యా వెళ్లిన మన నలుగురు వ్యోమగాములు అక్కడ ఏం నేర్చుకున్నారు, ఆ పనిముట్లు ఎలా ఉంటాయి, కొలనులో రోజు ఎలా గడుస్తుంది, ఇవన్నీ బొమ్మలతో వేయండి. పాతపట్నం దాటి మా ఊరొచ్చే కాపీల్లోనూ ఆ పేజీ తప్పకుండా ఉండాలి. కత్తిరించి ఐటీఐ నోటీసు బోర్డు మీద నేనే అంటిస్తాను.

- విశ్రాంత టవర్ లైన్ ఫోర్‌మన్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా