వేదిక మీది ఆ ఒక్క నిమిషానికీ శిక్షణ కావాలి: క్రీడల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ యువజన, క్రీడల శాఖ మంత్రివర్యులకు నమస్కారాలతో,

అయ్యా,

విజయనగరం జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ పొందిన నేను, మా ఉత్తరాంధ్ర పిల్లల తరఫున మీకు ఒకే ఒక్క విన్నపం చేయదలచాను. మైదానంలో, వ్యాయామశాలలో శరీరానికి ఇస్తున్న శిక్షణలో భాగంగానే మనసుకూ శిక్షణ అందాలి. అది ఇవ్వగల అర్హత ఉన్న క్రీడా మనస్తత్వ నిపుణులను శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాలకు నియమించాలి.

ఈ నేలకు బలం కొత్త కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంచేవారని ఇక్కడి పెద్దలు నేటికీ చెప్పుకుంటారు. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి గారు 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్ పోటీలో స్నాచ్‌లో (బరువును ఒకే ఊపులో తల మీదికి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తరువాత తల మీదికి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళగా నిలిచారు. విజయనగరం పక్కనున్న కొండవెలగాడ నుంచి వెళ్ళిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చింది. ఆ కిలోల లెక్కలు మా పిల్లలకు కంఠతా వచ్చు. అయితే బరువు ఎత్తడానికి ముందున్న కొద్ది క్షణాల్లో మనసును ఎక్కడ నిలపాలో, ఊపిరిని ఎలా ఆధీనంలో ఉంచుకోవాలో వారికి పద్ధతిగా నేర్పేవారు దాదాపు లేరు.

వెయిట్‌లిఫ్టింగ్ నియమాలు మీకు తెలియనివి కావు. స్నాచ్‌కు మూడు, క్లీన్ అండ్ జెర్క్‌కు మూడు అవకాశాలు ఉంటాయి. పేరు పిలిచాక బార్‌ను నేల నుంచి లేపడానికి సాధారణంగా ఒక్క నిమిషమే గడువు. మూడు స్నాచ్‌లూ విఫలమైతే ఆ పోటీలో మొత్తం స్కోరే ఉండదు. ఏళ్ళ తరబడి తెల్లవారుజామున లేచి చేసిన సాధన అంతా ఆ నిమిషంలో తేలిపోతుంది. దానికి తోడు, బరువు విభాగంలో ఇమడడం కోసం తూకానికి ముందు తిండీ నీళ్ళూ తగ్గించుకుని వచ్చే పిల్లలు ఎందరో ఉంటారు. దాహంతో, నీరసంతో ఉన్న శరీరంలో ఆందోళన త్వరగా చోటు చేసుకుంటుంది.

ఒక పోటీలో ఒక అమ్మాయిని చూశాను. సాధనలో తాను అలవోకగా ఎత్తే బరువునే ఆ రోజు మూడుసార్లూ వదిలేసింది. వేదిక వెనక ఆమె వేళ్ళు చల్లబడి వణుకుతుండగా, ఆమె కోచ్ గట్టిగా అరిచిన మాట "టెన్షన్ పడకు" అన్నదొక్కటే. ఆయన చెడ్డవాడు కాదు, ఆ పిల్ల మేలు కోరినవాడే. ఆ సమయంలో ఏం చెప్పాలో, ఆమె చేత ఏం చేయించాలో ఆయనకూ ఎవరూ నేర్పలేదు. పడవద్దన్నంత మాత్రాన ఆందోళన పోదు, పైగా పిల్లల దృష్టి దాని మీదికే మళ్ళుతుంది.

ఈ శాస్త్రం ఊహల మీద నడిచేది కాదు. ఉద్రేకం కొంత మేర పెరిగితే పని మెరుగవుతుందనీ, హద్దు దాటితే దిగజారుతుందనీ, పని కష్టమైనదైతే ఆ హద్దు ఇంకా ముందే వస్తుందనీ 1908లోనే యెర్క్స్, డాడ్సన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల మీద ప్రయోగాలతో చూపారు. మనుషుల్లో ఈ హద్దు ఒక్కొక్కరికి ఒక్కో చోట ఉంటుందని తరువాతి పరిశోధకులు తేల్చారు. అందుకే ఒక పిల్లను నెమ్మదింపజేయాలి, ఇంకొక పిల్లను హుషారు చేయాలి, అందరి వీపు మీదా ఒకేలా చరిచి వేదిక మీదికి పంపడం తగదు. ఆందోళన కూడా రెండు రూపాల్లో వస్తుంది. గుండె దడ, కండరాల బిగువు, కడుపులో తిప్పడం శరీరానికి సంబంధించినవి. ‘ఓడితే ఇంట్లో ఏమంటారు’ అన్న తలపు మనసుకు సంబంధించినది. మొదటిదానికి నాలుగు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదిలే నిదానమైన శ్వాస పనిచేస్తుంది. గాలి వదిలే సమయం పెరిగినప్పుడు గుండె వేగం తగ్గడం శరీర ధర్మం. పోటీకి ముందు రాత్రి నిద్ర పట్టనివారికి, ఒక్కో కండరాన్ని బిగించి వదిలే పద్ధతిని ఎడ్మండ్ జేకబ్సన్ అనే అమెరికన్ వైద్యుడు గత శతాబ్దపు తొలి దశాబ్దాల్లోనే రూపొందించాడు. రెండవదానికి, అంటే తలపులకు, వేరే సాధన అవసరం. తన కళ్ళతో తానే చూస్తున్నట్టుగా, బార్ బరువు చేతులకు తెలిసేలా, అసలు ఎత్తడానికి పట్టేంత సమయంలోనే ఆ కదలికను మనసులో జరిపించుకోవాలి. తనకు తాను చెప్పుకునే ఒక చిన్న మాటను ఎంచుకోవాలి. చేతులకు సుద్ద రాసుకోవడం మొదలు పట్టు బిగించే వరకు ప్రతిసారీ ఒకే క్రమాన్ని పాటించాలి. ఇవన్నీ గడియారం పెట్టి, ముగ్గురు రెఫరీలను కూర్చోబెట్టి, చుట్టూ నలుగురి చేత గోల చేయించి సాధనలోనే అలవాటు చేయాలి.

బాగా వంటబట్టిన కదలికను కూడా ఒత్తిడిలో మనిషి ముక్కలు ముక్కలుగా గమనించుకోవడం మొదలుపెడితే అది చెడిపోతుందన్నది ఈ శాస్త్రంలో బాగా గుర్తించిన సంగతి. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికాకు చెందిన సిమోన్ బైల్స్ అంతటి జిమ్నాస్ట్ గాలిలో తన శరీరం ఎటు తిరుగుతోందో తెలియని స్థితి వచ్చిందని చెప్పి పలు ఫైనల్స్ నుంచి తప్పుకున్నారు. ఆమెకు వెంటనే వెనుక నిలిచేందుకు ఒక వ్యవస్థ ఉంది. మన దేశంలోనూ 2011 ప్రపంచ కప్ గెలిచిన క్రికెట్ జట్టుకు, 2024 పారిస్‌లో కాంస్యం గెలిచిన పురుషుల హాకీ జట్టుకు పాడీ అప్టన్ మానసిక శిక్షణ ఇచ్చారు. శిఖరం మీద ఉన్నవారికి అందుతున్న ఈ సాయం, అలవాట్లు ఇంకా రూపుకడుతున్న పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలకు అందకపోవడమే నా బాధ.

మీ ప్రభుత్వం 2024లో తెచ్చిన క్రీడా విధానంలో ఒలింపిక్ స్వర్ణానికి 7 కోట్ల రూపాయల ప్రోత్సాహకాన్ని ప్రకటించారు, ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచారు. ఇందుకు మేమంతా కృతజ్ఞులం. అయితే పలాసలో జీడిపిక్కలు ఒలిచే తల్లికి, జూట్ మిల్లు ఎప్పుడు మూతపడుతుందో తెలియని తండ్రికి ఆ కోటా ఇంటిల్లిపాదినీ ఒడ్డున పడేసే ఏకైక దారిగా కనిపిస్తుంది. ఆ ఆశ బరువును వేదిక మీద మోసేది పిల్లే. బహుమతిని పెంచిన చేయి, ఆ బహుమతి వెంట వచ్చే ఒత్తిడిని తట్టుకునే విద్యను కూడా అందించాలని అడగడం అత్యాశ కాదని నమ్ముతున్నాను. మ్యాట్లు, గుడ్లు, పాలు చాలని చోట మనస్తత్వ నిపుణుడా అని ఎవరైనా అడగవచ్చు. అవీ కావాలి, వాటి కోసమూ అడుగుతూనే ఉన్నాం. వాటితో పోలిస్తే దీనికయ్యే ఖర్చు స్వల్పం.

కనుక నా కోరిక ఇది. మొదట ఈ మూడు జిల్లాలకు కలిపి ఒక అర్హత గల క్రీడా మనస్తత్వ నిపుణుడిని రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ (శాప్) ద్వారా నియమించండి. వారంలో నిర్ణీత రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం కేంద్రాల్లో వ్యాయామశాలలకే వెళ్ళి, కోచ్‌ల పక్కన నిలబడి పనిచేసే బాధ్యతను వారికి అప్పగించండి. ఏటా ఒకసారి వేదికెక్కి ‘మీరు సాధించగలరు’ అని చెప్పి వెళ్ళే ప్రసంగాలు ఈ లోటును పూడ్చవు. ఈ నైపుణ్యాలు రోజూ చేస్తేనే వచ్చేవి. కోచ్‌లకు, వ్యాయామ ఉపాధ్యాయులకు వేసవి సెలవుల్లో తెలుగులో శిక్షణ ఇప్పించండి. పోటీకి ముందు పిల్లలను తిట్టి, కొట్టి రెచ్చగొడితే పౌరుషం వస్తుందన్న నమ్మకం పోవాలంటే అదే మార్గం. ఆంధ్ర విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్ర విభాగంతో ఒప్పందం చేసుకుంటే, అక్కడి విద్యార్థులకు క్షేత్రానుభవం, మా పిల్లలకు సాయం రెండూ సమకూరుతాయి.

మరొక్క మాట చాలా ముఖ్యం. పిల్లలు నిపుణుడితో చెప్పుకున్న విషయాలు ఎట్టి పరిస్థితుల్లోనూ సెలెక్షన్ కమిటీకి చేరకూడదు. ‘భయంగా ఉంది’ అన్నందుకు జట్టులో చోటు పోతుందని తెలిస్తే ఇక ఎవరూ నోరు విప్పరు. ఈ గోప్యతను ప్రభుత్వ ఉత్తర్వులోనే రాయించండి. పోటీ ఆందోళన వేరు, వారాల తరబడి నిద్ర, ఆకలి లేకపోవడం, ఆటంటేనే విరక్తి కలగడం, చావు మాటలు మాట్లాడటం వేరు. రెండవది వైద్యులు చూడవలసినది. అలాంటి సూచనలు కనిపించిన వెంటనే విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు పంపే ఏర్పాటు ఉండాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ నంబరు 14416ను ప్రతి వ్యాయామశాల గోడ మీదా పెద్ద అక్షరాలతో రాయించాలి. ఈ చివరి పనికి బడ్జెట్ ఆమోదం కూడా అక్కరలేదు, రేపే మొదలుపెట్టవచ్చు.

తమరు విజయనగరం వచ్చినప్పుడు సమయం ఇస్తే, కోచ్‌లతోనూ పిల్లల తల్లిదండ్రులతోనూ కలిసి వచ్చి ఈ విషయాలను వివరంగా విన్నవించుకోవడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
విజయనగరం జిల్లా