మెసేజీకి ఫైలు జత చేసేటప్పుడు: మా స్కూళ్లకు, కోచింగ్ సెంటర్లకు

నమస్కారం. సర్క్యులర్లు, ఫీజు రసీదులు, మార్కుల మెమోలు మా మెసేజీ సర్వీసు ద్వారా తల్లిదండ్రులందరికీ ఒకేసారి పంపుతున్నారు. "ఫైలు జత చేశాం కదా, కొందరికి ఎందుకు అందలేదు?" అన్నది మీలో చాలామంది అడిగే ప్రశ్న. ఉన్నది ఉన్నట్టు చెబుతాం. అటాచ్ బటన్ ఒకటే అయినా ఫైలు వాట్సాప్‌లో ఒక రకంగా, ఈమెయిల్‌లో ఇంకో రకంగా వెళ్తుంది. ఎస్సెమ్మెస్‌లో అసలు వెళ్లదు.

ఎస్సెమ్మెస్‌లో పోయేది లింకే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశంతో 2024 అక్టోబరు 1 నుంచి వైట్‌లిస్టు కాని (ముందుగా నమోదు చేసి అనుమతి పొందని) లింకు ఉన్న మెసేజీని ఆపరేటర్లు ఆపేస్తున్నారు. కాబట్టి ఆ లింకు ముందుగా మీ స్కూలు పేరున ఉన్న డీఎల్‌టీ ఖాతాలో (ఎస్సెమ్మెస్‌లు పంపే సంస్థల వివరాలు నమోదయ్యే ఆపరేటర్ల వ్యవస్థ) నమోదు కావాలి. ఖర్చు సంగతీ చూసుకోండి: తెలుగు మెసేజీకి 70 క్యారెక్టర్లు, దాటితే మెసేజీని ముక్కలు చేసి ముక్కకు 67 చొప్పున లెక్క. వత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకొస్తాయి. కంటికి మూడక్షరాలే అయిన ‘విద్యార్థి’ 10 తినేస్తుంది. అయినా సరే, గడువు తేదీ, కట్టాల్సిన మొత్తం మెసేజీలోనే రాయండి. ఫైలు తెరవని వాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

వాట్సాప్‌లో డాక్యుమెంటుకు 100 ఎంబీ, వీడియోకు 16, ఫొటోకు 5 ఎంబీ పరిమితి. టెంప్లేటు, అంటే వాట్సాప్ ముందుగా ఆమోదించే మెసేజీ నమూనా, డాక్యుమెంట్ హెడర్‌తో (పైన ఫైలుకు చోటుతో) ఆమోదం పొందితేనే పీడీఎఫ్ జతవుతుంది. ఉత్త టెక్స్టుగా ఆమోదమైనదానికి తర్వాత తగిలించలేం. జత చేయాల్సిన ఫైలుకు గూగుల్ డ్రైవ్ షేర్ లింకు ఇవ్వకండి. అది తెరిచేది వెబ్ పేజీని, ఫైలును కాదు. ‘అను’ అనే పాత తెలుగు డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన సర్క్యులర్‌ను వర్డ్ ఫైలుగా పంపితే, ఆ ఫాంటు లేని ఫోన్లో పిచ్చి గీతలే కనిపిస్తాయి. ఫాంట్లు ఎంబెడ్ చేసి (ఫైలులోనే కలిపి) పీడీఎఫ్ తీయండి. స్కాన్ అయితే స్కానర్ సెట్టింగుల్లో 150 డీపీఐ, గ్రేస్కేల్ చాలు.

ఈమెయిల్‌కు జీమెయిల్ హద్దు 25 ఎంబీ. పంపేటప్పుడు ఎన్‌కోడింగ్ వల్ల ఫైలు మూడో వంతు పెరుగుతుంది కాబట్టి 18 ఎంబీ దాటితేనే అనుమానం.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది ఎవరి ఫైలు వారికి పంపేటప్పుడు. ప్రతి మెమో ఫైలుకూ అడ్మిషన్ నంబరే పేరుగా పెట్టండి, ఎక్సెల్‌లో అదే నంబరు ఒక కాలమ్‌గా ఉండాలి. చిక్కంతా ఇక్కడే: ఎక్సెల్ 0045ను 45 చేసేస్తుంది, ఫైలు జతపడదు. 91తో కలిపి 12 అంకెల ఫోను నంబరును 9.19E+11 లాగా కుదించి చూపిస్తుంది. సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన ఉత్త టెక్స్టు ఫైలుగా) సేవ్ చేస్తే చివరి అంకెలు పోయినట్టే. టైపు చేయకముందే ఆ రెండు కాలమ్‌లనూ టెక్స్టుగా మార్చండి. తర్వాత మారిస్తే పోయిన సున్నాలు తిరిగి రావు.

వరుస క్రమాన్ని బట్టి ఫైళ్లు జత చేయమని కొందరు అడుగుతున్నారు. చేయం. మధ్యలో ఒక్క వరుస చెరిగిపోయినా అక్కడి నుంచి అందరి మెమోలూ వేరే పిల్లల ఇళ్లకు పోతాయి, పంపాక వెనక్కి తీసుకునే దారి మాకు లేదు. ఇకపై ఒక్క నంబరు జతపడకపోయినా బ్యాచ్ మొత్తం ఆగుతుంది, ఆ వరుసలు ఎర్రగా కనిపిస్తాయి. సరిచేశాక ముందు మీ సిబ్బంది ఫోన్లు నాలుగైదింటికి పంపి, ఫైలు తెరిచి పేరు సరిచూసుకోండి. ఫలితాల రోజున ఈ ఆలస్యం మీకు ఇబ్బందేనని తెలుసు. అయినా ఈ నియమాన్ని ఎవరికీ సడలించం.